కిరాయి టైర్ల జకర్యా

"బ్రేకు తొక్కిన తర్వాత కూడా బండి ఆగకపోతే ఏం చేయాలి?"

డ్రైవింగ్ నేర్చుకున్న నలభై రోజుల్లో ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. నేర్పిన ఆయన నవ్వి ఊరుకున్నాడు. మా ఆయన ప్రభాకర్ "హ్యాండ్ బ్రేకు ఉంటుందిగా" అన్నాడు. భద్రాచలంలో చర్ల రోడ్డు మొదట్లో షెడ్డు పెట్టుకున్న జకర్యా ఒక్కడే చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాడు. నా ఒళ్ళో నిద్రపోతున్న పాపను చూసి, "గా మాట కొనకముందు అడగాలె టీచరమ్మా. తొక్కినంక అడిగితే ఎవలు చెప్తరు?" అన్నాడు.

అది 2007 జూన్. చర్ల దాటి పన్నెండు కిలోమీటర్ల అవతల అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో నేను సైన్సు చెబుతున్నాను. మాది సత్తుపల్లి వైపు. ప్రభాకర్ మణుగూరు గనిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. పాపకు అప్పటికి ఏడాదిన్నర. పదకొండో నెలలో ఒకసారి, ఆ వేసవిలో ఇంకోసారి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. రెండూ రెండు నిమిషాల్లోపే తగ్గాయి. "చాలామంది పిల్లలకు ఇవి వాటంతట అవే పోతాయి, భయం లేదు. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి" అని భద్రాచలంలో డాక్టరు చెప్పారు. మా స్కూలున్న ఊరి నుంచి ఆయన ఆసుపత్రికి డెబ్బై రెండు కిలోమీటర్లు. ఐదు నిమిషాలకూ డెబ్బై రెండు కిలోమీటర్లకూ మధ్య ఏం చేయాలో ఎమ్మెస్సీ ఫిజిక్సులో ఎక్కడా చెప్పలేదు. అందుకే కారు కొనాలనుకున్నాం. వానలు ముదిరేలోపు కొనాలనుకున్నాం.

దొరికింది ఒక పాత వ్యాను. ఎరువుల దుకాణం వెంకటనారాయణది. తొమ్మిదేళ్ళుగా భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను తిప్పిన ట్యాక్సీ. తెల్లగా, శుభ్రంగా ఉంది. పది రోజుల కిందటే ఫిట్‌నెస్ పరీక్ష పాసై కొత్త కాగితం వచ్చింది. ఆ కాగితం చూశాక నాకు సగం భయం తీరింది. ఎవరో ఒక అధికారి బండిని ఎదురుగా పెట్టుకుని, పరీక్షించి, సంతకం చేశాడు. అంతకంటే రుజువు ఏం కావాలి? అయినా కొనే ముందు జకర్యాకు చూపించమని మా హెడ్మాస్టరు చెప్పడంతో ఆ ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళాం.

జకర్యాకు అప్పుడు యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. ఎడమ చూపుడు వేలు సగం లేదు, ఫ్యాను బెల్టు తీసుకుపోయింది. పుట్టింది ములకలపల్లి దగ్గర ఊళ్ళో. తండ్రి అడవిలో వెదురు కొట్టే కూలీ. పదహారేళ్ళకు కొత్తగూడెంలో ఒక లారీ షెడ్డులో చేరి, ముప్పై ఏళ్ళు నిండేసరికి భద్రాచలంలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పి మేకుకు తగిలించి, అప్పుడు పని మొదలుపెట్టేవాడు. షెడ్డులోనే ఓ పక్కన ఆయన భార్య హెప్సిబా కుట్టు మిషను పెట్టుకుని జీపులకూ ఆటోలకూ సీటు కవర్లు కుట్టేది. మిషను ఆపకుండానే ప్రతి సంభాషణలోనూ ఓ మాట వేసేది.

నేను ఓ పాత మోటారు పత్రిక నుంచి ఇరవై మూడు అంశాల జాబితా రాసుకుని వెళ్ళాను. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, అద్దాలు, సీటు బెల్టులు, ఇలా.

"చదువుండ్రి" అన్నాడు జకర్యా. "మీరు పై నుంచి రాండ్రి, నేను కింది నుంచి వస్త. నడుమ కలుద్దాం."

"మేడం, గవర్నమెంటోళ్ళు చూసి పాస్ చేసిన బండి. ఇంకా ఈయన చూసేదేముంది?" అన్నాడు వెంకటనారాయణ, కుర్చీ నీడలోకి జరుపుకుంటూ.

జకర్యా వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత దాన్ని రోడ్డు మీదకు తీసి, రెండు వేళ్ళతో స్టీరింగ్ పట్టుకుని కొంచెం దూరం నడిపి తెచ్చాడు. దిగి ముందు టైర్ల లోపలి అంచును అరచేత్తో తడిమాడు.

"బండి ఎడమకు గుంజుతున్నది. గట్ల గుంజే బండికి ముందు టైరు లోపలి అంచు తినిపోయి ఉండాలె. ఇవేమో సమానంగ ఉన్నయి."

"కొత్తగా వేయించినవి మరి" అన్నాడు వెంకటనారాయణ.

"కొత్తవి కావు, సగం అరిగినయే. స్టెప్నీ చూపియ్యి."

వెనక సీటు కింద ఉన్న స్టెప్నీ టైరును బయటికి లాగాడు. అది బోడిగుండులా ఉంది. లోపలి అంచున దారాలు తేలాయి.

"ఇది ఈ బండి సొంత బిడ్డ. కడమ నాలుగు చుట్టాలు. ఫిట్‌నెస్‌కు వచ్చినయి, మీరు కొని తీస్కపోయినంక ఇంటికి పోతయి."

హెప్సిబా మిషను ఆపకుండానే నవ్వింది. నేను నవ్వలేదు. నా జాబితాలో 'టైర్లు' అన్న చోట అప్పటికే టిక్కు పెట్టి ఉన్నాను.

తర్వాత ఆయన నేల మీద గోనెపట్టా పరిచి, "పండుకోండ్రి" అన్నాడు.

"నేనా?"

"కొనేది మీరు. నేను చూసి చెప్తే అది నా మాట. మీరు చూస్తే మీ కండ్లు."

అది ఆయన పద్ధతి. కొనేవాళ్ళు ఎవరైనా సరే, సర్పంచయినా పాస్టరయినా, బండి కింద పడుకుని చూడాల్సిందే. చూడనంటే తానూ చూడడు. నేను చీర వైపు చూసుకున్నాను.

"గ్రీజు అంటితే కిరసనాయిలు ఉన్నదమ్మా" అంది హెప్సిబా. "నా చీరలన్నీ దాంతోనే బతికినయి."

పాపను ఆమె చేతికిచ్చి కిందికి జరిగాను. నా పక్కనే జకర్యా పడుకున్నాడు. పైన అంతా నిగనిగలాడే నల్ల రంగు. తొమ్మిదేళ్ళ బండి అడుగు నిన్న పుట్టినట్టుంది. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో తట్టడం మొదలుపెట్టాడు. కొన్నిచోట్ల ఖంగుమంది. ఒకచోట తడిసిన అట్టను కొట్టినట్టు చప్పుడు లేకుండా పోయింది. అక్కడ మొన పెట్టి నొక్కాడు. స్క్రూడ్రైవర్ సగం దాకా లోపలికి దిగింది. తుప్పు పొడి నా మొహం మీద రాలింది.

"దీని మీద ఏమున్నది, చెప్పుండ్రి."

"సీటు."

"ఎవల సీటు?"

ప్రభాకర్ పక్కన ఎడమవైపు సీటు. పాపను ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చోవాలని అనుకున్న చోటు.

ఆ తర్వాత ఒక సన్నని గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. దానిమీద కూడా నల్ల రంగే. ప్రభాకర్‌ను పెడలు తొక్కి పట్టుకోమని కేకేశాడు. మేమిద్దరం పడుకుని చూస్తున్నాం. గొట్టం వంపు దగ్గర రంగు కొద్దిగా ఉబ్బింది. తర్వాత ఒక్క చుక్క పుట్టి, వేలాడి, నా చెంప పక్కన నేల మీద పడింది.

ద్రవం మీద ఒకచోట కలగజేసిన ఒత్తిడి అన్నివైపులా సమానంగా వ్యాపిస్తుందని ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. బ్రేకునే ఉదాహరణగా చెబుతాను. ఆ సూత్రం మొదట్లో 'మూసి ఉన్న పాత్రలో' అని ఉంటుంది. ఆ మూడు మాటలను నేను ఏనాడూ నొక్కి చెప్పలేదు.

బయటికి వచ్చాక జకర్యా వెంకటనారాయణతో కోపంగా ఏమీ మాట్లాడలేదు. "గొట్టం మారుస్త అంటే మారుతది. కింద రేకు పోయింది, అది నాతోని కాదు. ఈమెకు అమ్మకు" అన్నాడు.

వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు. "కిరాయి టైర్లని తెగ కనిపెట్టావే. ఈ చుట్టుపక్కల ఆ యవ్వారం మొదలుపెట్టిందెవరయ్యా? వెంకటాపురం దాకా నీ పేరే కిరాయి టైర్ల జకర్యా. బిచ్యా సంగతి మేడంకు చెప్పావా?"

కుట్టు మిషను ఆగింది.

"చెప్పలె" అన్నాడు జకర్యా. "ఇప్పుడు చెప్త."

"చెప్పుకో. సాయంత్రం దాకా చూస్తాను మేడం. ఇంకో పార్టీ ఉంది" అని వెంకటనారాయణ వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

జకర్యా చెప్పింది ఇది. పదకొండేళ్ళ కిందటి వరకు ఆయన షెడ్డులో ఒక 'సెట్టు' ఉండేది. నాలుగు మంచి టైర్లు, రెండు హెడ్‌లైట్లు, ఒక హారను, ఒక జత వైపర్లు. ఫిట్‌నెస్ తారీఖు దగ్గరపడిన జీపుల వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన సెట్టు బిగించి, అడుగున నల్ల రంగు పూసి, తానే పరీక్షకు తీసుకెళ్ళి కాగితంతో తిరిగొచ్చేవాడు. ఆ సాయంత్రమే సెట్టు విప్పి పాతవి బిగించేవాడు. దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. పెళ్ళికి పక్కింటివాళ్ళ నగ అడిగి పెట్టుకున్నట్టు అనుకున్నారు. పరీక్ష చేసినవాళ్ళ తప్పూ లేదు. వాళ్ళ ముందుకు వచ్చిన బండి ఆ పూటకు బాగానే ఉండేది.

దూలయ్య అనే ఆయన జీపు అలాగే వచ్చింది. డ్రైవరు బిచ్యా, లంబాడా కుర్రవాడు, ఇరవై నాలుగేళ్ళు.

"బిచ్యా నాతోని చెప్పిండు టీచరమ్మా. అన్నా, పెడలు మెల్లగ కిందికి పోతున్నదే, జర చూడు అన్నడు. ఫిట్‌నెస్ అయిపోనీ, తర్వాత చూద్దాం అన్న. కింద పండుకుని రంగు పూసేటప్పుడు గొట్టం చేతికి తగిలింది. గరుకుగ ఉన్నది. దాని మీద కూడ పూసిన."

కాగితం వచ్చిన పదకొండో రోజున చర్ల సంత. జీపులో పంతొమ్మిది మంది. వాగు దిగే చోట బిచ్యా బ్రేకు తొక్కితే కాలు నేలకు తగిలింది. జీపు కల్వర్టు గోడను కొట్టుకుని బోర్లాపడింది. ఐదుగురు చనిపోయారు. వాళ్ళలో ముత్తక్క అనే ఆమె ఇప్పపువ్వు అమ్ముకుని ఇంటికి వెళ్తోంది. ఆమె ఒళ్ళో మూడు నెలల బిడ్డ. బిడ్డా చనిపోయింది.

పోలీసులు ముందు కాగితం చూశారు. పదకొండు రోజుల కిందటి కాగితం, ఇంకా మడత కూడా నలగలేదు. బండి బాగుందని కాగితం చెబుతోంది కాబట్టి తప్పు నడిపినవాడిదే అయింది. బ్రేకు పడలేదని బిచ్యా కోర్టులో ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. జకర్యాను పిలిచి అడిగారు.

"నేను చూసినప్పుడు మంచిగనే ఉన్నది అన్న. గంతే. నాలుగు మాటలు. బిచ్యా నా దిక్కే చూస్తున్నడు. తల దించుకున్నది ఆడు కాదు, నేను."

బిచ్యాకు రెండేళ్ళు శిక్ష పడింది.

"ఆ రోజు ఇంటికొచ్చి సెట్టు మొత్తం రంపంతోని కోసిండు" అంది హెప్సిబా. "ఏడాది దాకా ఒక్క బండి రాలె. సెట్టు లేని జకర్యా ఎవలకు కావాలె? నా మిషను తోనే తిన్నం."

బిచ్యా జైలు నుంచి వచ్చాక జకర్యా తండాకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. అతను తునికాకు కట్టలు కడుతున్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్ అన్నా, నాకు తెల్వదా? జడ్జి సాబ్‌కు చెప్పకపోయినవ్" అని, మళ్ళీ కట్టలు కట్టుకున్నాడట. తర్వాత అతను స్టీరింగ్ పట్టలేదు.

తిరుగు బస్సులో ప్రభాకర్, "కోర్టులో అబద్ధం చెప్పిన మనిషి మాట పట్టుకుని బండి వదులుకోవాలా? వానలు వచ్చేశాయి" అన్నాడు. నేను ఆ మనిషి మాట గురించి ఆలోచించడం లేదు. ఆ చుక్కను నా కళ్ళతో చూశాను. వద్దన్నాను. వ్యానును ఇంకెవరో కొనుక్కున్నారు.

జూలై మూడో వారంలో పాపకు జ్వరం వచ్చింది. ఆ రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఉదయం మందు వేస్తే తగ్గింది, మధ్యాహ్నం మళ్ళీ పెరిగింది. రెండున్నరకు ఫిట్స్ మొదలయ్యాయి. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఐదు నిమిషాలు దాటింది. హెడ్మాస్టరు మోటారు సైకిలు తీశారు. ఆయన వెనక కూర్చుని, పాపను పక్కకు తిప్పి గుండెకు అదుముకుని, వానలో, గుంతల్లో బయల్దేరాం. దారిలో రెండుచోట్ల ఆ మధ్యాహ్నమే చెట్లు కొట్టి రోడ్డుకు అడ్డంగా వేశారు. బండిని పొదల్లోంచి దాటించాల్సి వచ్చింది. ఫిట్స్ కాసేపు ఆగి మళ్ళీ వచ్చాయి. ఆసుపత్రి చేరేసరికి ఐదు దాటింది.

పాప బతికింది. ఎడమచేతి పట్టు మాత్రం పోయింది. కొంత తిరిగి వస్తుందన్నారు, కొంతే వచ్చింది. ఇప్పటికీ ఆ చేతిలో గ్లాసు నిలవదు.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ జకర్యా షెడ్డుకు వెళ్ళాను. ఏం మాట్లాడాలో అనుకోకుండానే వెళ్ళాను.

"ఆ వ్యాను ఉంటే పొద్దున జ్వరం రాగానే బయల్దేరేదాన్ని" అన్నాను. "మీరు వద్దన్నారు."

"అవ్" అన్నాడు. "పొద్దుగాలనే వచ్చేటోళ్ళేమో."

"ఏమో అంటే?"

"ఏమోనే. దాన్ల చానామంది మంచిగనే పోయిన్రు, వచ్చిన్రు. ఇంక పోతనే ఉన్నరు. ఏ రోజు ఆగదో నాకెట్ల తెలుస్తది టీచరమ్మా."

తాను చెప్పింది సరైనదేనని ఆయన ఒక్కసారీ అనలేదు. అని ఉంటే అరిచేదాన్ని. హెప్సిబా మిషను దగ్గర నుంచి లేచి వచ్చి, స్టూలు వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. "ఆయన మీద అరువమ్మా. అరిస్తే మనకు జర తేలికైతది. నేను పదకొండేండ్ల సంది అదే చేస్తున్న" అంది. నేను అరవలేదు. ఏడ్చాను.

వారం తర్వాత జకర్యా మా స్కూలుకు ఫోన్ చేశాడు. పాల్వంచలో ఒక రిటైర్డ్ నర్సమ్మ ఇంట్లో చిన్న కారు ఉందట. పదిహేనేళ్ళు నిండిపోయి, కాగితాల గడువు తీరి, రెండేళ్ళుగా కదలకుండా పడి ఉంది. రంగు వెలిసిపోయి, కోళ్ళు పడుకునే స్థితిలో ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు. ఆయన కింద పడుకుని చూశాడు. నన్నూ పడుకోబెట్టి చూపించాడు. రేకు అంతా ఖంగుమంది.

దాని మీద పంతొమ్మిది రోజులు పనిచేశాడు. బ్రేకు గొట్టాలు, రబ్బరు పైపులు, స్టీరింగ్ కీళ్ళు, వైర్లు మార్చాడు. పాత టైర్లు తీసి నా పేరున కొత్తవి నాలుగు కొనిపించాడు. పెయింటు వేద్దామా అని ప్రభాకర్ అడిగితే, "కింద ఎయ్యను. పైన మీ ఇష్టం" అన్నాడు. తర్వాత పదకొండేళ్ళలో మొదటిసారిగా ఒక బండిని పరీక్షకు తీసుకెళ్ళాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "ఫెయిల్ చేసిండు" అన్నాడు. గొంతులో సంతోషం దాగడం లేదు. "ఎడమ దిక్కు బ్రేకు లైటు వస్తలేదు, హ్యాండ్ బ్రేకు ఎక్కువ లేస్తున్నది అని రాసిండు. మంచిగ చూసిండు టీచరమ్మా. నా కంటికి దొరకలె, ఆయన కంటికి దొరికింది."

అవి సరిచేశాక, ఐదు రోజుల తర్వాత కారు పాసయింది. మేం వద్దన్న ఆ తెల్ల వ్యాను ఇప్పటికీ తిరుగుతోంది. భద్రాచలం వెళ్ళినప్పుడల్లా కనబడుతుంది. ఒక్కోసారి దాని వెనక కిటికీలోంచి ఎవరి పిల్లలో చేతులు బయటపెట్టి ఊపుతుంటారు. దాని కొత్త యజమానికి ఆ చుక్క సంగతి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి ఫిట్‌నెస్ కాగితం చూపించాడు. రెండోసారి, నాకెందుకన్నాడు.

కారు తాళం నా చేతికిచ్చిన రోజున జకర్యా నన్ను మొదటిసారి బిడ్డా అన్నాడు. అప్పుడు చెప్పిన మాటను నేను నేటికీ పాటిస్తున్నాను. కిందటి నవంబరులో పాపకు నూట మూడు జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, వాకిట్లో ప్రభాకర్ పాపను ఎత్తుకుని "ఇప్పుడు కూడానా?" అని కేకలేస్తున్నా, నేను వినలేదు. ఒక్కదాన్నే ఎక్కి, గేటు దాకా నడిపి, బ్రేకు తొక్కి, బండి ఆగిందని చూసుకుని, అప్పుడే తలుపు తీశాను.

"కాగితం చూసి ఎక్కకు, నేను చేసిన్ననీ ఎక్కకు. ఎంత జల్దీ ఉన్నా సరే బిడ్డా, ముందుగాల నువ్వొక్కదానివే ఇరవై అడుగులు నడిపి ఆపి చూడు. ఆగినంకనే పాపను ఎక్కియ్యి."